చెక్‌పోస్ట్ దాటాక ఉన్న ఎత్తు

ఒక కొండ రోడ్డు గురించి నేను అబద్ధం చెప్పాను. ఆ అబద్ధం మీదే ఇన్నేళ్ళు తిన్నాను, పడుకున్నాను, పేరు కూడా తెచ్చుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకు కూడా. మీకెందుకు చెబుతున్నానంటే, మీరు నాకు ఎదురుపడరు, నా మొహం చూడరు. ఇది పిరికితనమే. అది కూడా నా ఖాతాలోనే వేసుకోండి.

నేను సైకిల్ రేసుల గురించి రాస్తాను. విదేశాల్లో జరిగే పెద్ద ప్రొఫెషనల్ రేసుల్లో కొండ స్టేజి, అంటే కొండలెక్కే రోజు, వస్తోందంటే, ముందురోజు నా ప్రివ్యూ వస్తుంది. ఎత్తు ఎక్కడ మొదలవుతుంది, ఏ మలుపు దగ్గర కాళ్ళు పట్టేస్తాయి, ఎవరు ఎక్కడ విడిపోయి ముందుకు దూకుతారు, ఇవన్నీ తెలుగులో చెబుతాను. చదివేవాళ్ళు తక్కువ, కానీ ప్రాణం పెట్టి చదువుతారు. మొన్న ఒకాయన, "మీ మాట నమ్మి కళ్ళు మూసుకుని ఆ కొండ ఎక్కేయొచ్చు సార్" అని రాశాడు. అది చదివి లేచి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చాను. ఎందుకంటే నా మాట నమ్మి ఒకడు నిజంగానే కొండ ఎక్కాడు.

అతని పేరు యాదగిరి అనుకోండి. నల్గొండ వైపు రైతు కుటుంబం, యూనివర్సిటీ హాస్టల్లో ఉండేవాడు. మాది గుంటూరు వైపు నుంచి వచ్చి తార్నాకలో స్థిరపడ్డ క్రైస్తవ కుటుంబం. మా నాన్న గుమస్తా. నేనూ అదే యూనివర్సిటీలో చదివేవాణ్ణి. యాదగిరి నాకంటే చిన్న, నన్ను అన్నా అని పిలిచేవాడు. పొద్దున్నే ఇద్దరం క్యాంపస్ రోడ్ల మీద తొక్కేవాళ్ళం. ఎత్తు ఎక్కడంలో వాడు నాకంటే మెరుగు. ఈ వాక్యం ఇప్పుడు ఎంత తేలిగ్గా రాసేశాను! అప్పుడు ఎవరైనా ఆ మాటంటే నాకు అన్నం సహించేది కాదు.

ఆ ఏడాది ఒక కంపెనీ జీతాలిచ్చే సైకిల్ జట్టు కడుతోంది. ఒక ఘాట్ రోడ్డు మీద రేసు పెట్టి, అందులో చూసి తీసుకుంటామన్నారు. మా క్యాంపస్ నుంచి వెళ్ళేది మేమిద్దరమే, ఒక్కరికే చోటు. అంటే మా ఇద్దరిలో ముందు పైకి చేరినవాడికి. అది రాకపోతే చదువు చాలించి పొలానికి వచ్చేయమని యాదగిరి వాళ్ళ అన్న చెప్పేశాడు. ఆ సంగతి వాడు నాకు చెప్పాడు. తెలిసే చేశాను.

క్యాంపస్‌లో సైకిల్ తొక్కే మా గుంపులో ఒక పద్ధతి ఉండేది. రేసుకు ముందు ఒకరు వెళ్ళి రూటు చూసి రావాలి, వచ్చి మిగతావాళ్ళకు అంతా చెప్పాలి. పోటీ పోటీయే, రూటు మాత్రం అందరిదీ. పైగా మన హైదరాబాదులో అంత పొడుగు కొండెక్కడ? అందుకని చూసొచ్చినవాడు కొండను క్యాంపస్ భాషలో చెప్పేవాడు. మొదటి రెండు మలుపులూ హాస్టళ్ళ వెనక ఎత్తులా ఉంటాయి, ఆ తర్వాత లైబ్రరీ ముందు ఎత్తును ఆగకుండా నాలుగుసార్లు ఎక్కినట్టు ఉంటుంది, ఇలాగ. విన్నవాళ్ళు ఆ వరసలోనే క్యాంపస్ ఎత్తులు తొక్కి, చూడని కొండను కాళ్ళకు అలవాటు చేసుకునేవాళ్ళు. యాదగిరికి పరీక్షలు. నేనే వెళ్ళి చూసొచ్చాను.

ఆ ఘాట్ రోడ్డు దాదాపు పైదాకా వెళ్ళాక అటవీ శాఖ చెక్‌పోస్ట్ ఒకటి వస్తుంది. అక్కడ చెట్లు పలచబడి ఆకాశం కనబడుతుంది, రోడ్డు కాస్త దిగుతుంది. కొండ అయిపోయిందనే ఎవరైనా అనుకుంటారు. దిగి మలుపు తిరిగితే మళ్ళీ ఎత్తు. అదే అన్నిటికంటే నిటారు. అసలు రేసు గెలిచేదీ ఓడేదీ అక్కడే. నేను అక్కడ సైకిల్ దిగి, తల మీద నీళ్ళు పోసుకుని, దీని సంగతి యాదగిరికి తప్పక చెప్పాలి అనుకున్నాను. నిజంగా అనుకున్నాను. అంటే ముందే కుట్ర పన్నలేదన్నమాట. అయితే ఏమిటి? పన్ని చేసినవాడికి కనీసం ధైర్యం ఉంటుంది. నాకు అదీ లేదు.

తార్నాక చౌరస్తాలో చాయ్ తాగుతూ వాడికి రూటు చెప్పాను. చెక్‌పోస్ట్ దాకా అక్షరం పొల్లు పోకుండా చెప్పాను. అక్కడ గ్లాసు ఎత్తి ఒక గుక్క తాగాను. ఈలోగా వాడే అడిగాడు.

"అయితే గాడికి కొండ అయిపోయినట్టేనా అన్నా?"

"అంతేరా. తర్వాతంతా మన క్యాంపస్ తార్నాక గేటు రోడ్డులాగా సాపు."

ఆ మాట నోట్లోంచి వచ్చాక కూడా వెనక్కి తీసుకోవచ్చు. ఆగరా, మర్చిపోయాను, ఇంకో ఎత్తు ఉంది అంటే అయిపోయేది. నోరు తెరిచి ఇంకో చాయ్ చెప్పాను.

ఇక్కడితో ఆగి ఉంటే ఒక బలహీన క్షణం అని సర్దిచెప్పుకునేవాణ్ణేమో. రేసు దాకా రోజూ పొద్దున వాడు నా అబద్ధాన్ని తొక్కాడు. హాస్టళ్ళ వెనక ఎత్తు, లైబ్రరీ ఎత్తు నాలుగుసార్లు, చివరిసారి ఒంట్లో ఉన్నదంతా ఊడ్చి పెట్టి, ఆ తర్వాత తార్నాక గేటు దాకా హాయిగా జారుతూ. నేను స్టాప్‌వాచ్ పట్టుకుని పక్కన నిలబడ్డాను. పైగా సలహాలు! చెక్‌పోస్ట్ దగ్గర ఏమీ మిగుల్చుకోకు అన్నాను. నీళ్ళ సీసా కూడా అక్కడ పారేయ్, బరువు తగ్గుతుంది అన్నాను. వాడు తలూపి సరే అన్నా అన్నాడు. ఇది రాస్తుంటే నా చేతుల మీద ఏదో జిగట అంటుకున్నట్టు ఉంది. ఒక మనిషి కాళ్ళకు తప్పు దారి నేర్పించి, బాగా నేర్చుకున్నావని భుజం తట్టడాన్ని ఏమంటారో మీకు తెలిస్తే చెప్పండి. నాకు తెలిసిన మాటలన్నీ చిన్నవి.

రేసు రోజు పొద్దున అక్కడ ఎవరిని అడిగినా ఆ ఎత్తు సంగతి చెప్పేవాళ్ళు. వాడు అడగలేదు. నేను చూసొచ్చిన రూటు గురించి ఇంకొకరిని అడిగితే నన్ను తక్కువ చేసినట్టవుతుందని వాడి ఉద్దేశం. వాడి గురించి నాకు ఆమాత్రం తెలుసు. తెలిసే ధీమాగా ఉన్నాను.

చెక్‌పోస్ట్ దగ్గర వాడు నాకంటే చాలా ముందున్నాడు. నేను చెప్పినట్టే ఒంట్లో బలమంతా పెట్టి తొక్కి, చెప్పినట్టే సీసా విసిరేశాడు. నేను మలుపు తిరిగేసరికి ఆ ఎత్తు మీద వాడు దాదాపు ఆగిపోయి ఉన్నాడు. సైకిల్ అటూ ఇటూ ఊగుతోంది. పెదాలు తెల్లగా అయిపోయాయి. పక్కనుంచి దాటుతుంటే నా వైపు చూశాడు. నేను రోడ్డు వైపు చూశాను. దాటేశాను. చోటు నాకొచ్చింది.

పైన, అందరూ వచ్చేశాక, వాడు సైకిల్ నడిపించుకుంటూ వచ్చాడు. నా పక్కన కూర్చున్నాడు. బూట్లు విప్పుకుంటూ అడిగాడు.

"అన్నా, ఆ ఎత్తు ఉన్నదని నువ్వు చెప్పినవా?"

ఒక్క క్షణం. నిజం చెప్పడానికి అంతకంటే మంచి క్షణం ఎవరికీ దొరకదు.

"చెప్పానుగా రా. నువ్వే సరిగ్గా వినలేదు."

వాడు నేలవైపు చూస్తూ తలూపాడు. "అయ్యుంటది. పరీక్షల టెన్షన్ల ఉంటిని. నాదే గలతీ అన్నా. నీకన్న చోటు వచ్చింది, మంచిగయింది."

చాయ్ దగ్గర చెప్పిన అబద్ధం వాడి రేసు తీసుకుంది. ఈ రెండోది వాడి బుర్రలోకి చేయి పెట్టి జ్ఞాపకాన్నే మార్చేసింది. అప్పటికే గెలిచాను కదా, రెండోది దేనికి? నేను మంచివాణ్ణి అనిపించుకోవడానికి. అంతే, ఇంకే కారణమూ దొరకలేదు.

ఇంకా ఉంది. ఆ ఆదివారం మా చర్చిలో సాక్ష్యం చెప్పాను. దేవుడు నా కోసం మార్గం తెరిచాడని మైకులో అన్నాను. మా అమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. సాయంత్రం ఇంట్లో కృతజ్ఞతగా ప్రార్థన కూడిక పెడితే యాదగిరి హాస్టల్ నుంచి వచ్చి కుర్చీలు వేశాడు, బిర్యానీ వడ్డించాడు. నేను తిన్నాను. ఛీ, రెండోసారి కూడా వడ్డించుకున్నాను.

వాడు ఊరికి వెళ్ళిపోయాడు. నేను ఆ జట్టులో కొన్నాళ్ళు ఎందుకూ కొరగాకుండా తొక్కి, మోకాలు పోయాక రాతలోకి దిగాను. ప్రొఫెషనల్‌గా తొక్కినవాడు అన్న గౌరవంతోనే నా ప్రివ్యూలు చదువుతారు. ప్రతి కొండ స్టేజికీ చివరి ఎత్తు గురించి అతిగా హెచ్చరిస్తాను. పాఠకులు అది నా శ్రద్ధ అనుకుంటారు. ఎవడి కోసం హెచ్చరిస్తున్నానో, ఆ హెచ్చరిక ఎవడికి అందాల్సిందో, నాకు తెలుసు.

ఈ ఏడాది యాదగిరి ఫోన్ చేశాడు. తర్వాత ఎలాగో చదువు ముగించి వ్యాయామ టీచరయ్యాడట, ఇన్నేళ్ళూ నల్గొండ వైపు బళ్ళలో చేసి ఇప్పుడు రామంతాపూర్‌లో ఒక బడికి వచ్చాడట. తార్నాకకు ఎంత దూరమని! పిల్లలకు సైకిల్ గురించి నాలుగు ముక్కలు చెప్పమని పిలిచాడు. తప్పించుకోలేక వెళ్ళాను. జుట్టు నెరిసింది, నవ్వు మాత్రం అదే. పిల్లలను వరసలో కూర్చోబెట్టి నన్ను పరిచయం చేశాడు.

"గీ సార్ రూటు చెప్తే కండ్లతోని చూసినట్టే ఉంటది. ఒకసారి నాకు గూడ చెప్పిండు. నేను మంచిగ వినలే. గందుకే ఓడిపోయిన. పెద్దోళ్ళు చెప్పేటప్పుడు మీరు నా లెక్క ఉండొద్దు, చెవులు పెట్టి వినాలె."

పిల్లలు నవ్వారు. వాడూ నవ్వాడు. ప్రతి ఏడాదీ కొత్త పిల్లలకు ఇది చెబుతాడట. నేను లేచి కొండ రోడ్డు ఎలా ఎక్కాలో చెప్పాను. చప్పట్లు కొట్టారు. వాడు గేటు దాకా వచ్చి ఆటో ఎక్కించాడు. ఆ గేటు దగ్గర కూడా, నీ పిల్లలు చురుకైనవాళ్ళురా అని మాత్రం అన్నాను.

మీరు క్షమించాలని దీన్ని రాయలేదు. క్షమించడానికి మీరెవరు? ఇది వాడికి చూపించే ధైర్యం నాకొస్తుందో లేదో కూడా తెలియదు. కానీ ఒక్క సంగతి ఎక్కడో ఒకచోట, నా చేత్తో, నిజంగా ఉండాలి. అది రాయడానికే ఇంతసేపూ కూర్చున్నాను.

పిల్లలూ, మీ సార్ ఆ రోజు శ్రద్ధగానే విన్నాడు. ప్రతి మాటా విన్నాడు. నేనే చెప్పలేదు.