తిన్నవా అనబోయి

ఆ రోజుల్లో నన్ను ఎవరైనా ధైర్యం గల పిల్ల అంటే నేను కాదనేదాన్ని కాదు. భూపాలపల్లి నుంచి ఓస్లో దాకా ఒక్కతే విమానమెక్కి పోయిన పిల్లకు ధైర్యం లేదంటే మాత్రం ఎవరు నమ్ముతారు? అసలు సంగతి నాకొక్కదానికే తెలుసు. విమానం ఎక్కింది మొదలు దిగేదాకా నేను సీటు బెల్టు విప్పలేదు (లేచి తిరగొచ్చని చెప్పారు, కానీ సరిగ్గా నేను లేచినప్పుడే అది ఒక పక్కకు వంగితే?). హైదరాబాద్‌లో ఎం.టెక్ చదువుతుండగా ఒక సెమిస్టర్ నార్వేలో చదివే అవకాశం వచ్చింది. రాగానే మా క్వార్టర్ల గేటు దగ్గర నా ఫొటోతో ఫ్లెక్సీ కట్టారు. బొగ్గుబాయిలో పనిచేసే మా బాపు, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ, ఏ షిఫ్టులో కలిసినవాళ్లకైనా సరే, "మా బిడ్డ ఫారిన్ వోతుంది" అని చెప్పుకొచ్చాడు. అందుకని నాకు చలి అంటే భయం లేదు, చదువంటే భయం లేదు. ఉన్న భయమల్లా ఒక్కటే, ఏదో తప్పు చేసి మధ్యలోనే వెనక్కి పంపించబడి, ఆ ఫ్లెక్సీ కిందనుంచి సూట్‌కేసు లాక్కుంటూ లోపలికి నడవాల్సి వస్తుందేమో అని.

ఓస్లో సంగతి చెప్పాలంటే, అక్కడ కూరగాయల కొట్టులోకి నేను నగల దుకాణంలోకి వెళ్లినట్టు వెళ్లేదాన్ని. చూసేదాన్ని, చేత్తో పట్టుకునేదాన్ని, రూపాయల్లోకి మార్చుకుని, మెల్లగా ఉన్నచోట పెట్టి బయటికి వచ్చేదాన్ని. వాళ్లిచ్చే స్కాలర్‌షిప్ గది అద్దెకే సరిపోయేది. ఇంటి నుంచి తెచ్చిన బియ్యం అయిపోయాక ఓట్స్‌ను నీళ్లలో ఉడికించి మామిడికాయ తొక్కుతో కలుపుకుని తినేదాన్ని (ఆ రుచి ఎట్లా ఉంటుందని అడగకండి, పగవాళ్లకు కూడా వద్దు). అది కూడా పూటపూటా కాదు. పొద్దున క్లాసు తొందర అని మానేసేదాన్ని, మధ్యాహ్నం ఆకలి లేదని నాకు నేనే చెప్పుకునేదాన్ని. సాయంత్రం అమ్మ ఫోన్ చేసి "తిన్నవా బిడ్డా?" అంటే మాత్రం "తిన్న" అని ఠక్కున చెప్పేదాన్ని.

ఈ "తిన్నవా" గురించి కొంచెం చెప్పాలి. మా క్వార్టర్లలో అందరి ఇళ్లలోనూ బాయి పనివాళ్లే. పొద్దటి షిఫ్టు, మధ్యాహ్నం షిఫ్టు, రాత్రి షిఫ్టు. కాబట్టి ఏ సమయంలో చూసినా ఒక ఇంట్లో వండుతుంటారు, ఒక ఇంట్లో తింటుంటారు, ఇంకో ఇంట్లో తలుపులేసుకుని పడుకుంటారు. గుడ్ మార్నింగులూ నమస్కారాలూ మాకు కుదరవు, ఎవరికి ఎప్పుడు తెల్లవారిందో తెలిస్తే కదా! అందుకే ఎవరు ఎదురుపడినా, ఏ వేళప్పుడైనా, "తిన్నవానే?" అని అడుగుతారు. "తిన్న" అని జవాబు వస్తుంది. తిన్నా అదే, తినకపోయినా అదే. తినలేదని చెప్పినవాళ్లను నేనైతే చూడలేదు. ఆ మాట అడిగించుకోకుండా మా వాడలో ఈ చివర నుంచి ఆ చివరకు నడవడం కుదరదు.

ఓస్లోలో నేనుండే బిల్డింగులో ఎవరూ ఎవరినీ ఏమీ అడిగేవాళ్లు కాదు. హాస్టల్‌లో ఖాళీ లేక నాకు ఆ బిల్డింగులో గది చూపించారు. నా పై అంతస్తులో ఒక ముసలావిడ ఉండేది. ఇంట్లో ఉన్నా బయటున్నా మెడలో ఎర్ర మఫ్లర్ తియ్యదు కాబట్టి ఆమెకు నేను మఫ్లర్ అవ్వ అని పేరు పెట్టుకున్నాను. ఇంకా పైన కుక్కను తిప్పే పొడుగాటాయన ఒకడు, ఆయన కుక్కాయన. వీళ్లు మెట్లమీద ఎదురైతే గోడకు అతుక్కున్నట్టు పక్కకు జరిగి, కళ్లు దించుకుని వెళ్లిపోయేవాళ్లు. నాకేమో రోజులు గడిచేకొద్దీ అనుమానం పెరిగింది. వీళ్లకు నేను నచ్చలేదు, ఏదో ఒకరోజు ఫిర్యాదు చేస్తారు, నన్ను పంపించేస్తారు. ఇట్లా కాదు, మనమే కలుపుగోలుగా ఉండాలి అనుకున్నాను. వాళ్లకందరికీ ఇంగ్లిష్ వచ్చు, నాకంటే బాగా వచ్చు. కానీ వాళ్ల భాషలోనే పలకరిస్తే మురిసిపోతారని నా తెలివి చెప్పింది. "అన్నం తిన్నారా" అనేది నార్వే భాషలో ఏమిటని క్లాసులో పక్కనమ్మాయిని అడిగి నేర్చుకున్నాను. "హార్ దు స్పిస్ట్ మాత్?" ఇందులో ఆ స్పిస్ట్ అన్నది నాకు అస్సలు నోరు తిరగలేదు. ఇస్పిస్టు అయ్యేది, స్పిస్సు అయ్యేది, ఒకసారి తుమ్ము కూడా అయింది. సరే, ఒక ముక్క తగ్గితే ఏమవుతుందిలే, వాళ్లే అర్థం చేసుకుంటారు అని దాన్ని మింగేసి, మిగిలింది మాత్రం చక్కగా, నవ్వు ముఖంతో అనడం మొదలుపెట్టాను. పొద్దున అవ్వ ఎదురైతే "హార్ దు మాత్?" సాయంత్రం కుక్కాయన ఎదురైతే "హార్ దు మాత్?" వాళ్లు ఒక్క క్షణం ఆగి నన్ను ఎగాదిగా చూసి, ఏదో గొణిగి వెళ్లిపోయేవాళ్లు. ఆగి చూస్తున్నారంటే పని జరుగుతోందని సంబరపడ్డాను.

కొన్నాళ్లకు ఒక పొద్దున నా తలుపు పిడికి ఒక సంచి వేలాడుతూ కనిపించింది. లోపల ఒక రొట్టె, అప్పుడే కాల్చింది, ఇంకా వెచ్చగా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుని వాసన చూశాను. ఆ తరువాత భయం వేసింది. ఎవరిదో ఇది, పొరపాటున నా తలుపుకు తగిలించారు, నేను తింటే దొంగతనం అవుతుంది. కిందికి తీసుకెళ్లి ఉత్తరాల డబ్బాల మీద అందరికీ కనపడేటట్టు పెట్టి వచ్చాను. మర్నాడు అదే సంచి మళ్లీ నా తలుపుకే ఉంది, రొట్టెతోపాటు వెన్న కూడా. మళ్లీ కింద పెట్టాను. నన్ను ఎవరో పరీక్షిస్తున్నారు, ముడితే పట్టుకుందామని చూస్తున్నారు అని గట్టిగా నమ్మకం కుదిరింది.

మూడోసారి సంచి తలుపుకు కాదు, గడప ముందు నేలమీద పెట్టి ఉంది. అప్పుడు నేను అమ్మతో వీడియో కాల్‌లో మాట్లాడుతూ బయటికి వస్తున్నాను. ఫోన్ కిందికి వంచి చూపించాను. సంచిలో కోడిగుడ్లు, ఒక నిమ్మకాయ, ఒక సీసాలో ఎర్రటి నీళ్లలో తేలుతున్న ఎర్రటి ముక్కలు (బీట్‌రూట్ ఊరగాయ అట, తరువాత తెలిసింది). అమ్మ ముఖం తెల్లబడింది.

"అయ్యో, ముట్టకు బిడ్డా! నిమ్మకాయ, గుడ్లు, గా ఎర్రది... ఎవలో ఏదో జేసిన్రు నీకు!"

"అమ్మా, ఇది నార్వే. ఇక్కడ గసొంటివి ఉండయే."

"ఎక్కడైన మనుషులే గదనే! ఆగు, క్యాలెండర్ జూస్త." అమ్మ లోపలికి ఉరికి వచ్చింది. "ఎల్లుండే అమాస. జెప్తలేనా నేను! దాన్ని తొక్కకు, కాలుతోటి దాటకు."

"మరి నేను క్లాసుకు ఎట్ల పోవాలే?"

"దుంకు!"

నేను ఎం.టెక్ చదువుతున్న మనిషిని. సైన్స్ తెలిసిన మనిషిని. అయినా ఎందుకొచ్చిన గొడవ అని (అది భయం కాదు, జాగ్రత్త), బ్యాగు గుండెలకు అదుముకుని, నాలుగడుగులు వెనక్కి వేసి, గదిలోంచి ఉరికొచ్చి, ఆ సంచి మీదనుంచి ఒక్క దుంకు దుంకాను. దుంకి, సరిగ్గా మెట్లు దిగుతున్న కుక్కాయన ముందు పడ్డాను. ఆయన నన్ను చూశాడు. నా వెనక గడప ముందున్న సంచిని చూశాడు. మళ్లీ నన్ను చూశాడు. ఏదో ఒకటి మాట్లాడి పరువు నిలబెట్టుకోవాలి కదా. ఉన్న నవ్వంతా ముఖానికి తెచ్చుకుని అడిగాను. "హార్ దు మాత్?"

ఆయన కుక్కను ఎత్తుకుని మరీ దిగిపోయాడు.

రెండు రోజులకు యూనివర్సిటీలో బయటి దేశాల విద్యార్థులను చూసుకునే ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. "మీ బిల్డింగు వాళ్లు మాతో మాట్లాడారు. మీ గురించి కొంచెం కంగారుగా ఉన్నారు. రేపు ఒకసారి రాగలరా?" అంతే అన్నారు. గొంతు చాలా మెత్తగా ఉంది. ఆ మెత్తదనానికే నాకు భయం వేసింది. మా దగ్గర ఎవరైనా గట్టిగా అరిచారంటే పెద్దగా ఏమీ లేనట్టు, మెత్తగా మాట్లాడారంటేనే ఏదో పెద్దదే జరిగినట్టు. ఆ సాయంత్రమంతా నా నేరాలు నేనే వెతుక్కున్నాను. చెత్తను రంగు సంచుల్లో వేరుచేసి వెయ్యాలంటే ఒకసారి అంతా ఒకే సంచిలో కుక్కాను. తొక్కుకు పోపు పెడితే మెట్లదాకా వాసన పోయింది. బట్టలుతికే గదిలో నాది కాని వేళలో దూరాను. ఇవన్నీ కలిపితే నన్ను పంపించడానికి చాలు అనిపించింది. సూట్‌కేసు కిందికి దించి, సర్దడానికి చేతులు రాక, దానిమీదే కూర్చున్నాను. బాపుకు ఫోన్ చేసి విషయం చెబితే, "పరేషాన్ గాకు బిడ్డా, పంపితే పంపనీ. వచ్చెయ్యి" అన్నాడు. కొంచెం ఆగి, "ఫ్లెక్సీ నేనే ఇప్పేస్త లే" అన్నాడు. అప్పటిదాకా ఆపుకున్నదాన్ని, ఆ మాటకు ఏడ్చేశాను.

మర్నాడు ఆఫీసులో ఆ మేడమ్ నన్ను కూర్చోబెట్టి, నా ముందు కాఫీ పెట్టి, టిష్యూ పేపర్ల డబ్బా నా వైపు జరిపింది (ఆ డబ్బా చూడగానే ఇక అయిపోయిందనుకున్నాను). "మీరు బిల్డింగులో అందరినీ రోజూ ఒక మాట అడుగుతున్నారట. నాతో ఒకసారి అనగలరా?" అంది. అన్నాను. ఆమె కళ్లు పెద్దవయ్యాయి.

"దానికి అర్థం ఏమిటనుకుంటున్నారు?"

"తిన్నారా అని."

"కాదు," అంది ఆమె, చాలా జాగ్రత్తగా. "మీ దగ్గర తిండి ఉందా అని."

నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. స్పిస్ట్ అంటేనే తిన్నారు అని. తిన్నారా అనే మాటలో ఆ తిన్నారు అన్న ముక్కను తినేసింది నేనే! ఇన్నాళ్లూ పొద్దునా సాయంత్రం, నవ్వు ముఖంతో, కనపడినవాళ్లందరినీ "మీ దగ్గర తిండి ఉందా? మీ దగ్గర తిండి ఉందా?" అని అడుక్కున్నానన్నమాట. వాళ్లు పాపం రొట్టె పెట్టారు, ముట్టలేదు. వెన్న పెట్టారు, ముట్టలేదు. గుడ్లు పెడితే వాటిమీదనుంచి దూకి, అవతల నిలబడి మళ్లీ తిండి ఉందా అని అడిగాను. కంగారు పడరా మరి! నేను మా క్వార్టర్ల సంగతి, షిఫ్టుల సంగతి, పలకరింపు సంగతి గబగబా చెప్పేశాను. మేడమ్ నవ్వి నవ్వి, తన టిష్యూ తనే తీసుకుంది. నన్ను ఎవరూ ఎక్కడికీ పంపించడం లేదట. ఆ సంచులు పెట్టింది పై అంతస్తు మఫ్లర్ అవ్వేనట. లేచి వస్తుంటే, "ఇంతకూ మీరు సరిగ్గా తింటున్నారు కదా?" అని అడిగింది. "తింటున్నాను" అన్నాను ఠక్కున. అంతకుముందు రోజు మధ్యాహ్నం నుంచి నా కడుపులో పడింది ఆ కాఫీ ఒక్కటే.

బయటికి రాగానే అమ్మకు ఫోన్ చేశాను. చేతబడి కాదని తెలిసి అమ్మ మొదట నిరాశపడింది, తరువాత పడీ పడీ నవ్వింది. నవ్వు ఆగాక అడిగింది. "గా అవ్వ ఒక్కతే ఉంటదానే?"

"ఒక్కతే."

"మరి ఆమెను తిన్నవా అని ఎవలడుగుతరు? పో, సక్కగ అడిగి రా."

ట్రామ్‌లో దారి పొడుగునా స్పిస్ట్, స్పిస్ట్ అని నోరు తిప్పుకుంటూ వచ్చాను. నా పక్కన కూర్చున్నతను లేచి వేరే సీటుకు మారాడు. పై అంతస్తు ఎక్కి తలుపు కొట్టాను. మఫ్లర్ అవ్వ తలుపు తీయగానే, ఏమీ మింగకుండా, పూర్తిగా అడిగాను. "హార్ దు స్పిస్ట్ మాత్?" తరువాత ఇంగ్లిష్‌లోకి దిగి, ఇన్నాళ్లూ నేను అడిగింది ఇదే అని, మా దగ్గర మనిషి కనపడితే ఇట్లాగే అడుగుతామని చెప్పాను. నిమ్మకాయ ఎందుకు పెట్టావని కూడా అడిగేశాను. "నీకు జలుబు చేసినట్టుంది కదా" అంది.

ఆమె మఫ్లర్ సర్దుకుని, తలుపుకు ఆనుకుని, కొంచెం సేపు ఆలోచించింది. నేను "తిన్నాను" అనే మాట కోసం నిలబడ్డాను, అది వినగానే నవ్వేసి దిగిపోదామని. అవ్వ మాత్రం ఇన్నాళ్లూ తనకు బాకీ పడిన ప్రశ్నలన్నిటికీ ఒకేసారి జవాబు చెప్పడం మొదలుపెట్టింది.

"సోమవారం తిన్నాను. రొట్టె, చీజ్. మంగళవారం చేప తిన్నాను, ఉప్పు ఎక్కువైంది. బుధవారం మా చెల్లెలు ఫోన్ చేసింది, మాట్లాడుతూ సూప్ తాగాను. నిన్న తినలేదు. ఒక్క మనిషి కోసం ఏం వండుతాంలే అనిపించింది. ఈరోజు కూడా ఇంకా లేదు." అంత శ్రద్ధగా చెప్పి, తల ఎత్తి నా ముఖంలోకి చూసింది. "మరి నువ్వు తిన్నావా?"

పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఆ ప్రశ్నకు నా దగ్గర ఒకటే జవాబు. నోరు తెరిచాను. అది రాలేదు. అంత నిజం చెప్పిన మనిషి ముందు ఆ అబద్ధం గొంతులోనే ఉండిపోయింది. "లేదు" అన్నాను. నా చెవులకే అది కొత్తగా వినిపించింది. ఇంకేదో అనబోయి, అక్కడే, గుమ్మంలోనే, మళ్లీ ఏడ్చేశాను. అవ్వ తలుపు ఇంకొంచెం బార్లా తెరిచింది. ఆ మధ్యాహ్నం ఇద్దరం ఉడకబెట్టిన ఆలుగడ్డలు తిన్నాం. కారం లేదు, పులుపు లేదు. నేను మూడుసార్లు పెట్టించుకున్నాను.

ఇప్పుడు నాకు ఉద్యోగం ఉంది, పూటకు పూట తింటున్నాను, కొంచెం ఎక్కువే తింటున్నానని మా ఆయన అంటాడు. అయినా ఒక్కోసారి ఆ పిల్ల గుర్తొస్తుంది. కడుపు కాలుతున్నా ముఖాన నవ్వు పులుముకుని, మెట్లమీద కనపడ్డవాళ్లందరినీ తిండి ఉందా అని అడిగిన పిల్ల. ఊరంతా ఆమె తప్పు మాట్లాడిందని నవ్వింది, నేనూ నవ్వుతాను. కానీ ఆ రోజుల్లో తెలిసీ తెలియక ఆమె నోట వచ్చిన ఒకే ఒక్క నిజమైన మాట అదే. పాపం, దాన్ని కూడా పరాయి భాషలోనే అడగగలిగింది.