పలికేవారి కోసం ఆగే అచ్చు: క్లాండాల్కిన్‌లో ఒక అరబిక్ పత్రిక

నా తెలుగు అంతంతమాత్రమే, పాఠకులు మన్నించాలి. పగలు అచ్చు యంత్రం దగ్గర పనిచేస్తూ రాత్రి బడిలో చదివి పట్టా పుచ్చుకున్నవాణ్ణి. అయినా ప్రతి వాక్యాన్నీ రెండుసార్లు సరిచూసుకునే రాశాను.

ఐర్లండ్‌లోని ఎన్నిస్ ఊళ్లో ఉన్న మన కుటుంబాల కోసం ఒక తెలుగు పత్రిక తేవాలన్నది నా సంకల్పం. ఇరాక్ నుంచి వచ్చిన యూసుఫ్ గారు డబ్లిన్ శివారు క్లాండాల్కిన్‌లో ఏళ్ల తరబడి అరబిక్ వారపత్రిక నడుపుతున్నారని విని, మెలకువలు తెలుసుకుందామని శనివారం తెల్లవారగానే రైలెక్కాను. లిమెరిక్‌లో మారాలి. ముందుగా కొన్నందువల్ల టికెట్టుకు ఇరవై యూరోలకు అటూ ఇటూ అయింది. డబ్లిన్‌లో దిగి, రెండు యూరోలతో లువాస్ ట్రామ్‌లో రెడ్ కౌ స్టాపు దాకా వెళ్లి, అక్కడ టాక్సీ మాట్లాడుకున్నాను.

“ఆ ఇండస్ట్రియల్ ఎస్టేట్‌కా? శనివారం అక్కడ ఎవరూ ఉండరు,” అన్నాడు డ్రైవరు.

“పత్రిక ఆఫీసుకు.”

“ఓ, గ్రాండ్, అయితే సరే. వాళ్లుంటారు. వాళ్లెప్పుడూ ఉంటారు.” ఆ మాట నవ్వకుండా అన్నాడు.

పొగమంచులో షట్టర్లన్నీ మూసి ఉన్నాయి. ఒక్క షెడ్డులోనే యంత్రం ఆడుతోంది. తలుపు తీసినది అక్కడ యంత్రం నడిపే కర్నూలు రహీం. టీ గ్లాసు చేతికిచ్చి, గొంతు తగ్గించాడు.

“కడపటి పేజీలో తప్పిపోయినోళ్ల పేర్లుంటాయన్నా. మొదటిది యూసుఫ్ సార్ తమ్ముడు హారూన్‌ది. పదకొండేండ్లాయ. హారూన్ పెండ్లాము స్వీడన్ నుంచి ఫోన్ చేసింది. ఈ వారమన్నా చనిపోయినోళ్లలో వెయ్యండి, నన్ను ఏడ్సుకోనీండి అని. ఈ పేపర్లో పడితేనే చుట్టాలు నమ్ముతారు.”

“మరి వేస్తారా?”

“ఎవురికి తెలుసు.”

అంటూనే వెళ్లి యంత్రం ఆపాడు. అక్కడి ఆచారం అది. ఆ పేజీ అచ్చుకు వెళ్లే ముందు యూసుఫ్ గారు ఒక్కొక్క పేరూ పిలిచి, పలుకుతారేమోనని ఒక గుక్క ఆగుతారట. తెల్లని లైట్ల కింద, మనిషెత్తు కాగితపు చుట్టల ఎదుట ఆయన నిలబడ్డారు.

“హారూన్.”

ఒక గుక్క దాటింది, రెండూ దాటాయి. ఆయన తరువాతి పేరుకు పోలేదు. చుట్టల మధ్య చీకటి సందు ఏదో వింటున్నట్టుంది. రాత్రి బడిలో డ్యూటీలో చిక్కుకున్న తోటివాళ్ల హాజరు నేనే పలికేవాణ్ణి. ఆ అలవాటు ఎప్పుడో చచ్చిపోయిందనుకున్నాను.

“ప్రెజెంట్ సార్,” అంది నా నోరు. ఆ గొంతు చుట్టల వెనకనుంచి వచ్చినట్టు వినిపించింది.

“ఏందన్నా ఇది,” అని గొణిగాడు రహీం.

యూసుఫ్ గారు వెనుదిరగలేదు. చుట్టలనే చూస్తూ ఇంగ్లీషులో మెల్లగా అన్నారు. “ఇన్నేళ్లూ ఎవరూ పలకలేదు. అందుకే వాడు దారిలో ఉన్నాడనుకున్నాను.” అప్పుడు నావైపు తిరిగి, నా ముఖంలో ఇంకెవరినో వెతికినట్టు చాలాసేపు చూశారు. “వాడు వచ్చేవాడే అయితే, వాడు పలకాల్సిన చోటు నీకు దొరికేది కాదు.”

మొదటి పేరు కొట్టివేసి, చనిపోయినవారి నల్లగీతల గడిలో రాశారు. మిగతా పేర్లు పిలుస్తున్నంతసేపూ నేను అరచేత్తో నోరు మూసుకునే ఉన్నాను.

పత్రిక నడపడం గురించి అడగదలచిన ప్రశ్నల్లో ఒక్కటీ అడగలేదు. పరాయి దేశంలో ప్రచురణకర్త పని వార్తలు చేరవేయడమని అనుకుని వెళ్లాను. చెల్లాచెదురైన మనుషుల్లో ఎవరున్నారు, ఎవరు లేరు అన్న నిర్ణయం కూడా అతని కలం మీదే ఉంటుందని అక్కడ చూశాను. హారూన్ భార్యకు మేలు చేశానో, యూసుఫ్ గారి తమ్ముణ్ణి తీసేశానో నాకింకా తెలియదు. వెళ్లదలచినవారు టాక్సీని ఆగమని చెప్పుకోండి, శనివారాల్లో ఆ ఎస్టేట్ దగ్గర మరో బండి దొరకదు.

విదేశంలో పత్రిక పెట్టాలనుకునేవారు దీన్ని ముందు చదవాలి. వారి తరువాత, ఇంట్లో ఇంకా ఎవరి పేరో పిలుస్తున్నవారికి ఇవ్వండి. వారికి చదివి వినిపించకండి, వారు పిలిచే పేరుకు మీ గొంతు బదులుగా వినబడకూడదు. చేతికిచ్చి పక్కకు తప్పుకోండి.