మూడు ఊళ్లు, ఒక ఉరి

దేశద్రోహం చేసిన గూఢచారికి ఎంత శిక్ష వేయాలో నాకు కచ్చితంగా తెలుసని నమ్మిన రోజులున్నాయి. అందుకు నాకున్న అర్హత ఒక నాటిక రాసి ఉండటం. అందులో సైన్యం కాగితాలు పరాయి దేశానికి అమ్ముకున్న గూఢచారి పట్టుబడతాడు. చివర్లో జడ్జి వాడికి ఉరిశిక్ష వేస్తాడు. ఉరే ఎందుకంటే, ఉరి అన్నాక తెర దించటం సులువు. జైలంటే ఆ తర్వాత వాడేమయ్యాడని జనం అడుగుతారు. అంతకు మించి నేను ఆలోచించలేదు. ఊరికే ఉరి వేశాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త. సరిహద్దులో యుద్ధం ముగిసి ఎంతో కాలం కాలేదు. మా తెనాలిలో ప్రతి టీ కొట్టూ ఒక రక్షణ శాఖే. మొదటి ప్రదర్శన అక్కడే వేశాం. ఆట అయ్యాక ఒక లాయరుగారు నా దగ్గరికి వచ్చి, "బాగుందండీ. కాకపోతే ఇట్టాంటి కేసుకి మన చట్టంలో జైలే గానీ ఉరి లేదండీ" అన్నారు.

మా నాటక సమాజం అధ్యక్షులవారు నాకంటే ముందే అందుకున్నారు. "చట్టం ప్రకారం రాస్తే చప్పట్లు రావండీ!"

నేనూ తలూపాను. నా చెవుల్లో ఇంకా ఆ చప్పట్లే ఉన్నాయి.

నిజానికి నేను వేసిన ఆ జడ్జి వేషం నాది కావలసింది కాదు. మొదట రాసిన ప్రతిలో గూఢచారి ఒక మామూలు గుమాస్తా. మా ఆఫీసులో నా పక్క కుర్చీలో కూర్చోదగ్గవాడు. పేరు కూడా మావాళ్ల పేరే. ఆ వేషం నేను వేసుకుని, జడ్జిని మా దర్జీ భాయ్‌కి ఇద్దామనుకున్నాను. భాయ్‌కి తెనాలి బజారులో కుట్టు కొట్టు ఉండేది. పగలంతా జాకెట్లు కుట్టి, సాయంత్రం రిహార్సలుకి వచ్చేవాడు. అతని గొంతు ముందు మా అందరి గొంతులూ గుసగుసలే. ఒకసారి పురోహితుడి వేషం వేస్తే, ఆట కాగానే ఒక పెద్దావిడ వచ్చి మనవరాలి పెళ్లికి ముహూర్తం పెట్టమంది.

అధ్యక్షులవారు ప్రతి చదివి కళ్లజోడు తీశారు. "ఏవయ్యా, ఇంట్లోనే గూఢచారిని పెట్టుకుని నువ్వేస్తానంటావేంటి? ఆ వేషం భాయ్‌కియ్యి. పేరు కూడా వాళ్ల పేరే పెట్టెయ్. జనం నమ్మాలిగా!"

"మరి జడ్జి ఎవరండీ?"

"నువ్వెయ్యి."

నాటికలో అన్నిటికంటే పొడుగు డైలాగు జడ్జిది. ఉత్తమ నటుడి బహుమతి సాధారణంగా పొడుగు డైలాగు వెంటే నడుస్తుంది. ఆ సాయంత్రమే పాత పేరు కొట్టేసి కొత్త పేరు రాశాను. దేశం గురించి రాయబోయి, వేషానికి ఆశపడి, ద్వేషం రాశాను.

భాయ్ కొత్త ప్రతి చూసి నవ్వాడు. "ముందు వదులుగా కుట్టారు సార్, ఎవరికైనా పట్టేది. ఇప్పుడు నా కొలతలకి బిగించారు."

"వేషమే కదా భాయ్" అన్నాను.

"అవునండి, వేషమే" అన్నాడు. నా జడ్జి కోటు అతనే కుట్టి పెట్టాడు. భుజాల దగ్గర ఎంత బాగా కుదిరిందో ఇప్పటికీ గుర్తుంది.

బాపట్లలో ఒక కాలేజీ వాళ్లు పిలిస్తే మధ్యాహ్నం ఆడాం. తీర్పు చివర నేను రాసుకున్న మాట ఒకటుంది: "నిన్ను కన్న తల్లికీ ఈ నేరంలో వాటా ఉంది! నీకు శిక్ష, ఉరి!" ఉరి అన్న మాట వినపడగానే తాడు లాగమని తెర దించే అతనికి చెప్పి ఉంచాం. ఆ మాట ఆ రోజు హాలు పైకప్పుకి తగిలి తిరిగొచ్చింది. కుర్రాళ్లు బల్లలెక్కారు.

ఆట అయ్యాక భాయ్, నేను బయట టీ తాగుతున్నాం. నాటిక చూసొచ్చిన నలుగురు పెద్దమనుషులు మా పక్కనే నిలబడ్డారు. భాయ్ రంగు కడుక్కుని ఉండటంతో గుర్తుపట్టలేదు. వాళ్లలో వాళ్లకి శిక్షల బేరం మొదలైంది.

"ఉరి తీస్తే నిమిషంలో పోతాడండీ. నడిబజారులో కాల్చాలి."

"కాల్చినా ఒక్కడే పోతాడు. కుటుంబం కుటుంబాన్ని ఊళ్లోంచి తరిమేయాలి. అప్పుడు మిగతావాళ్లకి బుద్ధొస్తది."

భాయ్ గ్లాసు దించాడు. "కుటుంబం ఏం చేసిందండీ?"

"నీకెందుకయ్యా అంత..." అంటూ తిరిగిన ఆయన, భాయ్‌ని తేరిపార చూశాడు. "ఓరి, నువ్వే కదూ! బాగా చేశావయ్యా. వేషం వేసినట్టే లేదు!" అని భుజం తట్టాడు.

నలుగురూ నవ్వారు. నేనూ నవ్వాను. వాళ్లు ఆపాక కూడా నా నవ్వు కొంచెం మిగిలింది. భాయ్ సగం టీ ఉన్న గ్లాసు బల్ల మీద పెట్టి, బస్టాండు వైపు నడిచాడు.

ఆ నవ్వు తలుచుకుంటే ఇవాళ్టికీ నా చెవులు వేడెక్కుతాయి. అక్కడ వాళ్లు ఆడిన బేరానికి సరుకు నేనిచ్చిందే. తల్లికి వాటా రాసింది నేను. వాళ్లు మిగతా కుటుంబాన్ని కలుపుకున్నారు, అంతే. దేశం నమ్మి చేతికిచ్చిన దాన్ని అమ్ముకున్నవాడికి శిక్ష వద్దని నేను ఇప్పుడూ అనను. ఏళ్ల తరబడి లోపల కూర్చోవలసిందే. కానీ శిక్ష వేసే నోటికి కాస్త దిగులుండాలి. మా నోళ్లలో ఆ రోజు పండగ ఉంది. అంత హుషారుగా వేసే ఉరి, ఒక మెడతో ఆగదు.

మూడో ప్రదర్శన రేపల్లెలో, నాటక పోటీల్లో. తెనాలి నుంచి అందరం పాసింజరులో బయల్దేరాం. బండి భట్టిప్రోలు దాటాక భాయ్ నా ఎదురు సీటులోకి మారాడు.

"మా అమ్మ రేపల్లెలోనే ఉంటది సార్, తమ్ముడి దగ్గర. ఇన్నేళ్లలో నా నాటకం ఒక్కటీ చూడలేదు. ఈసారి వస్తానంది. వీధిలో ఆడవాళ్లందరికీ చెప్పేసింది." కాసేపు కిటికీలోంచి పొలాల వంక చూశాడు. "నాకు ఉరి వేసెయ్యండి సార్. పేరు కూడా ఉండనీండి. ఆ తల్లి మాట ఒక్కటి తీసేయరూ? ఇవాళ ఒక్క రోజుకి."

పక్క సీటులోంచి అధ్యక్షులవారు పేపరు దించారు. "ఆ లైను తీస్తే ఇంక నాటికలో ఏముందయ్యా? బహుమతి పోద్ది. కళాకారుడివి, సెంటిమెంట్లు పెట్టుకోకు."

భాయ్ నా వంక చూశాడు. "చూద్దాం భాయ్" అన్నాను. చూడకుండా ఉండటానికి తెలుగులో అంతకంటే మర్యాదైన మాట లేదు.

ఆట మొదలయ్యే ముందు ఆవిడ వేదిక వెనక్కి వచ్చింది. చిన్న మనిషి, తల మీద తెల్ల చెంగు, చేతిలో స్టీలు డబ్బా. డబ్బాలో సేమియా పాయసం. కొడుకు ఏ వేషం వేస్తున్నాడో చెప్పలేదట. నా కోటు చూసి దగ్గరికొచ్చింది.

"జడ్జీగారు నువ్వేనంట గదా బాబూ. మావాడు తప్పు చేస్తే నాలుగు తగిలించు. కానీ వాడు చెప్పేది కూడా కాస్త విను."

పాయసం తిన్నాను.

తీర్పు ఘట్టం వచ్చింది. ఆడవాళ్ల వైపు ముందు వరసలో ఆవిడ, ఒక్క మాటా పోకూడదన్నట్టు ముందుకి వంగి కూర్చుంది. బోనులో భాయ్ తల వంచుకున్నాడు, నేను రాసినట్టే.

"నిన్ను కన్న తల్లికీ..." అన్నాను. అక్కడ ఆగిపోయాను. జనం ఊపిరి బిగబట్టారు, అది నటన అనుకుని.

"నిన్ను కన్న తల్లికీ ఈ నేరానికీ ఏ సంబంధమూ లేదని కోర్టు ముందుగా చెబుతోంది. నీ ఇంటికీ లేదు, నీ వీధికీ లేదు. చేసింది నువ్వొక్కడివే. నీకు పద్నాలుగేళ్లు జైలు."

భాయ్ తలెత్తాడు. అది నేను రాయలేదు.

తెర పడలేదు. తెర దించే అతను తాడు పట్టుకుని, ఉరి ఎప్పుడు వస్తుందా అని నా నోటి వంకే చూస్తున్నాడు. మొదటి వరసలో అధ్యక్షులవారు లేచి నిలబడి, మెడ చుట్టూ వేలు తిప్పి, పైకి లాగి చూపిస్తున్నారు. బహుమతి అప్పటికే పోయింది. న్యాయంగా అయితే ఆయన పక్కన నిలబడవలసినవాణ్ని నేను. పేరు కొట్టేసిన చెయ్యి నాది. కానీ ఆ చేతిలో అప్పుడు జడ్జి సుత్తి ఉంది. బల్ల మీద గట్టిగా కొట్టాను.

"కోర్టులో సైగలు చేస్తున్న ఆ పెద్దమనిషిని బయటికి పంపండి!"

మా బంట్రోతు వేషధారి జడ్జి మాట జవదాటని మనిషి. తలపాగా సర్దుకుని, మెట్లు దిగి వెళ్లి, అధ్యక్షులవారి మోచెయ్యి పట్టుకున్నాడు. జనం ఈలలు వేశారు. "ఏంటయ్యా ఇది, నేను అధ్యక్షుణ్ని!" అని ఆయన అరిచినకొద్దీ నవ్వులు పెరిగాయి. బోనులో భాయ్ మొహం పక్కకి తిప్పుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. ఆవిడ మాత్రం చెంగు అడ్డం పెట్టుకోకుండానే నవ్వుతోంది.

చివరి వరస దగ్గర ఒక రేపల్లె పెద్దాయన లేచి, అధ్యక్షులవారి భుజం తట్టి, అందరికీ వినపడేలా అన్నాడు.

"బాగా చేశారండీ. వేషం వేసినట్టే లేదు!"