ఉస్తా ఖందీల్ పొడి అన్న డిక్కీ

లబ్బాన్ వీధిలో నాది రబ్బరు దుకాణం. కారు తలుపులకీ, అద్దాలకీ, డిక్కీకీ చుట్టూ వేసే రబ్బరు పట్టీలు అమ్ముతాను. నా దుకాణానికి సరిగ్గా ఎదురుగా కూర్చుని ముప్పై ఏళ్ళుగా నా పొట్ట కొడుతున్న మనిషి ఉస్తా ఖందీల్. ఉస్తా అంటే మేస్త్రీ. వాననీళ్ళు కారే పాత కార్లను బాగుచెయ్యడం అతని పని. కారులో నీళ్ళు కనబడగానే జనం రబ్బరు పోయిందనుకుని నా దగ్గరికే వస్తారు. నేను పట్టీ కొలిచి కత్తెర అందుకునేలోపు ఎదుటి గట్టు మీంచి కేక వినబడుతుంది.

"ఒరేయ్ ఫరగల్లీ, ఆ కత్తెర దించు! ముందు తలుపు కింద చిల్లులు చూడనీ!"

తలుపు అడుగున నీళ్ళు బయటికి పోవడానికి చిన్న చిల్లులుంటాయి. సముద్రపు ఇసుకా, డ్రైవర్లు నమిలి ఊసిన పుచ్చగింజల తొక్కలూ వాటిలో గడ్డకట్టుకుపోతాయి. ఇంకా తెలివైనవాళ్ళు నీళ్ళు ఇక్కడినుంచే వస్తున్నాయని ఆ చిల్లులకే లప్పం పెట్టేస్తారు. ఖందీల్ ఇనప చువ్వతో ఒక్క పోటు పొడిస్తే తలుపులోంచి రెండు బిందెల నీళ్ళు బుడబుడమని రోడ్డు మీద పడతాయి.

"నీళ్ళు లోపలికి రావడం తప్పు కాదయ్యా. ఎన్ని సందులని మూస్తావు? పోయే దారి ఉంచాలి, అంతే" అని కారువాడికి చెప్పి, నావైపు చూసి మీసం దువ్వుతాడు. అలా నా బేరం గంగలో కలుస్తుంది. అయినా మధ్యాహ్నం ఇద్దరం ఒకే గిన్నెలో ఫూల్, అదే ఉడికించిన చిక్కుడుగింజలు, పోయించుకుని రొట్టె ముంచుకుని తింటాం. అతన్ని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది, ఒక్కరోజు కనబడకపోతే తోచదు.

డిక్కీ సంగతి వేరు. రబ్బరు మీద సుద్దపొడి రాసి మూత వేసి తీస్తాడు. మూత అంచుకి సుద్ద ఎక్కడ అంటలేదో అక్కడ సందున్నట్టు. అప్పటికీ తేలకపోతే టార్చిలైటు పట్టుకుని తనే డిక్కీలో ముడుచుకు పడుకుని, మూత వేయించుకుని, పైన నీళ్ళు పొయ్యమంటాడు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, పైగా బొజ్జ. బయటికి లాగడానికి ఇద్దరు కావాలి. కానీ అతను డిక్కీ పొడి అన్నాడంటే పొడే, చుక్క దిగనట్టే. మా వీధిలో ఆ మాటకి తిరుగులేదు. తిరుగులేని ఆ మాటే ఈ చలికాలం ఒక పిల్ల నోటిదగ్గర కూడు తీసేసింది.

కోం ఎల్ దిక్కా గుట్ట వాలులో ఇన్షిరాహ్ అనే ఆవిడ పెళ్ళిగౌన్లు అద్దెకిస్తుంది. ఆవిడ దగ్గర బద్రియా నాలుగేళ్ళుగా పనిచేసేది. గౌన్లు ఇస్త్రీ చేసి, దుప్పట్లో చుట్టి, ఇన్షిరాహ్ పాత కారు డిక్కీలో సర్దడం ఆ పిల్ల పని. డిసెంబరులో ఖాసిం అని మేం పిలిచే గాలివాన వచ్చిన గురువారం నాడు పెళ్ళివారింటి ముందు డిక్కీ తీస్తే, తెల్లగౌను కుచ్చిళ్ళ నిండా తుప్పునీళ్ళ మరకలు. పెళ్ళికూతురు తల్లి ఇన్షిరాహ్‌ని ఏడు తరాలకి సరిపడా తిట్టింది. ఇన్షిరాహ్ ఆ తిట్లన్నీ తెచ్చి బద్రియా మీద దించింది. మూత సరిగ్గా వెయ్యలేదని ఈవిడ, వేశానని ఆ పిల్ల. చివరికి ఆ శనివారం ఇద్దరూ కారు తీసుకుని ఖందీల్ దగ్గరికి వచ్చారు.

సుద్దపొడి రాశాడు, డిక్కీలో పడుకున్నాడు. నేను ఆరు బకెట్లు పోశాను.

"రబ్బరు పోయింది కదూ?" అన్నాను ఆశగా.

"రబ్బరు భేషుగ్గా ఉంది. నువ్వెళ్ళి టీ తాగు" అని ఇన్షిరాహ్ వైపు తిరిగాడు. "చుక్క దిగలేదమ్మా. మీ డిక్కీ పొడి."

"విన్నావుటే?" అంది ఇన్షిరాహ్.

"నేను మూత వేశానమ్మా."

"వేస్తే మరి వాన తాళంచెవి పెట్టి మూత తీసి లోపలికొచ్చిందా?"

వీధంతా నవ్వింది. నేనూ నవ్వాను, దాచడమెందుకు. ఇక పనిలోకి రావద్దంది ఇన్షిరాహ్. బద్రియా తలగుడ్డ సరిచేసుకుని నడిచి వెళ్ళిపోయింది. ఆ తర్వాత మూడు బట్టల దుకాణాల్లో పని అడిగిందట. మూత వెయ్యడం చేతకాని పిల్ల నువ్వేనా అన్నారట. ఒకసారి పడ్డ మాట చాకిరేవులో పెట్టి ఉతికినా పోదు.

జనవరిలో పెద్ద పొంగు అని మేం పిలిచే గాలివాన మొదలైన పూట మేము ఫూల్ గిన్నె ముందు కూర్చుని ఉండగా బద్రియా వచ్చింది.

"ఉస్తా బాబాయ్, ఆ డిక్కీ ఇంకోసారి చూస్తారా?"

"చూశాను కదమ్మా" అన్నాడు ఖందీల్, కొంచెం పెళుసుగానే.

"మీరు చూసింది ఇక్కడ, బల్లపరుపు రోడ్డు మీద. గౌను తడిసింది అక్కడ, మా దుకాణం ముందు వాలులో. ఆ రోజు కారు ముక్కు కిందికి పెట్టి ఉంది. మీరు నన్నొక్క మాట అడగలేదు." అంతే చెప్పి ఇంటికి వెళ్ళిపోయింది.

ఖందీల్ రొట్టెముక్క గిన్నెలో పడేసి లేచాడు. "అవున్రా, అడగలేదు" అన్నాడు. ఇద్దరం ఆ వానలోనే కోం ఎల్ దిక్కాకి బయల్దేరాం. ఇన్షిరాహ్ కారు దుకాణం ముందు వాలులోనే, ముక్కు కిందికి, వెనకభాగం పైకి పెట్టి ఉంది. తాళంచెవి అడిగి తెచ్చాను. అతను లోపల దూరితే మూత వేశాను. నీళ్ళు పొయ్యాల్సిన పనిలేదు, ఆకాశమే పోస్తోంది. నేను గొడుగు కింద వణుకుతూ ఒకటి నుంచి వంద లెక్కపెట్టాను, మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాను. లోపల్నుంచి రెండు దెబ్బలు వినబడ్డాయి. మూత తీస్తే అతని నుదుటి మీద తుప్పునీళ్ళు.

"ఫరగల్లీ, ఈ చెయ్యి ఎవరు బిగించారో గుర్తుందా?"

డిక్కీ మూత వెనక, నంబరు ప్లేటుకి పైన, అరచెయ్యంత ఇత్తడి చెయ్యి ఉంది. దిష్టి తగలకుండా పెట్టింది. అలాంటివి మా ఊళ్ళో ప్రతి కారుకీ ఉంటాయి, ఎవరు మాత్రం చూస్తారు? ఇరవై రెండేళ్ళ కిందట ఇన్షిరాహ్ ఈ కారు కొన్నరోజున మంచి మనసుతో ఒకరు ఉచితంగా రెండు చిల్లులు పొడిచి దాన్ని బిగించారు. ఆ ఒకరు ఖందీలే. స్క్రూల కింద వేసిన రబ్బరు వాషర్లు నా దుకాణంవి. అవి ఇప్పటికి చీకిపోయాయి. బల్లపరుపు మీద నీళ్ళు జారి పోతాయి. వెనకభాగం పైకి లేస్తే మాత్రం ఇత్తడి చెయ్యి వెనక నిలిచి, స్క్రూల వెంట లోపలికి దిగుతాయి.

నేను చుట్టూ చూసి గొంతు తగ్గించాను. "లోపల్నుంచి ఇంత తారు పులిమెయ్. రబ్బరు ఇప్పుడే పోయిందని చెబుదాం, నేను కొత్త పట్టీ వేస్తాను. అందరికీ మంచిది."

"అందరికీనా? ఆ పిల్లకో?"

నాకు సిగ్గేసింది.

ఇన్షిరాహ్ పళ్ళ మధ్య గుండుసూదులు పట్టుకుని గౌను కుడుతోంది. ఖందీల్ తడిబట్టలతో గుమ్మంలోనే నిలబడి, చిల్లులు పొడిచింది తనేనని, చూడవలసిన చోట చూడకుండా పొడి అన్నానని ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ఆవిడ గుండుసూదులు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టింది.

"ఉస్తా, మీ మాట పట్టుకుని దాన్ని నడివీధిలో అన్నాను."

"నేను అనిపించాను. పదండి, నడివీధిలోనే చెబుదాం."

ఆవిడే కారు నడిపింది. బద్రియా ఇంటి కింద ఖందీల్ దిగి, మూడో అంతస్తు వైపు తలెత్తి అరిచాడు. అంత గొంతు ఆ ముసలాయనలో ఉందని నాకు తెలీదు.

"బద్రియా! తప్పు నాది! చిల్లులు నేను పొడిచాను, పొడి అని నేను కూశాను! నీ తప్పు చుక్కంత లేదు!"

వానకి మూసిన కిటికీలన్నీ ఒకటొకటే తెరుచుకున్నాయి. బద్రియా కిందికి వచ్చింది. ఇన్షిరాహ్ కారు దిగి ఎదురు వెళ్ళింది.

"నన్ను క్షమించు తల్లీ. రేపట్నుంచి పనిలోకి రా. జీతం పెంచుతాను."

బద్రియా కారు వెనక్కి వెళ్ళి డిక్కీ తీసింది. కిటికీల్లో ఉన్న అందరికీ కనబడేలా పక్కకి జరిగి, రెండు చేతులూ ఆనించి మూత వేసింది.

"ఆ రోజూ ఇలాగే వేశానమ్మా. తాళం పడిందో లేదో లాగి చూసుకోండి."

ఇన్షిరాహ్ చెయ్యి డిక్కీ దాకా వెళ్ళి ఆగింది. "అక్కర్లేదు" అంది, వెనక్కి తీసుకుంది.

"లేదమ్మా, లాగండి" అంది బద్రియా. "వాళ్ళు కూడా చూడాలి."

వానలో నిలబడి ఇన్షిరాహ్ రెండు చేతులతో లాగింది. మూత కదల్లేదు.