ఎర్లిందా ఎంచుకున్న వాలు

కయాంబే ఊరి గులాబీ తోటల్లో పందొమ్మిదేళ్లు పూలు కోసిన ఎర్లిందా ఫరినాంగో కుడి మణికట్టు అరిగిపోయింది. పెద్దగా కోయకుండా, చిన్న రంధ్రాల గుండా లోపలి ఎముకలు చెక్కి, స్క్రూలతో ఒకటిగా అతికిస్తామన్నారు ఆసుపత్రిలో. నొప్పి పోతుంది. కానీ మణికట్టు మళ్ళీ వంగదు. ఏ వాలులో అతికిస్తే చచ్చేదాకా అదే వాలు. అందుకే ముందు వారం రోజులు ఏదో ఒక వాలులో పిండికట్టుతో ఉండి చూడమంది డాక్టరమ్మ.

కట్టు వేసే రోజు, ఆమెతో పూలు కోసే మేం తోడు వెళ్తే, మేమంతా ఇంజినీరని పిలిచే మా సూపర్‌వైజర్ బుర్బానో పిలవకుండానే దిగబడ్డాడు. పందొమ్మిదేళ్లలో ఆ చేతికి ఒక్క పట్టీ కొనివ్వని తోట తరఫున వచ్చాడు.

"కాస్త పైకెత్తి కట్టండి డాక్టర్. కత్తెర పట్టు బాగుంటుంది. ఫిబ్రవరి కోతలకి మనిషి కావాలి." డాక్టరమ్మ అలాగే కట్టింది.

వారం తర్వాత ఎర్లిందా జుట్టు విరబోసుకుని వచ్చింది. ఆమెను జడ లేకుండా మేమెన్నడూ చూడలేదు.

"ఏంటమ్మా, దెయ్యం పట్టిందా?" అని నవ్వాడు మళ్ళీ వచ్చిన బుర్బానో.

"నీ కత్తెర పట్టింది, ఇంజినీరూ. జడ అల్లుకోలేకపోయాను. పావడా బొందు కూడా పక్కింటావిడే కట్టింది."

కట్టు విప్పగానే పళ్లు బిగించి, చేతిని తల వెనక్కి తీసుకెళ్లి, జుట్టు పాయ పట్టుకుంది.

"డాక్టరమ్మా, ఇదిగో, ఇలా అతికించు."

"అలాగైతే కత్తెర పట్టలేవు. ఇక పనికి రావద్దు," అన్నాడు బుర్బానో.

"రాను. నీ పూలు నువ్వే కోసుకో."

డాక్టరమ్మ ఆ వాలును కొలిచి రాసుకుంది.