డెన్మార్క్ వాళ్ళనేమంటారు?

పెళ్ళిచూపుల్లో పిల్లని నడిచి చూపించమనేవాళ్ళుంటారు, పాట పాడమనేవాళ్ళుంటారు. జడ విప్పించి సవరం ఉందో లేదో తడిమి చూసినవాళ్ళ గురించి కూడా విన్నాను. నా పెళ్ళిచూపులకి వచ్చిన పెద్దమనిషి మాత్రం నన్ను దేశాలు అడిగాడు. ఏ దేశపువాణ్ణి ఇంగ్లీషులో ఏమంటారో, వాడి భాషనేమంటారో చెబితే కోడల్ని చేసుకుంటాడట. చెప్పలేకపోతే బండెక్కి వెళ్ళిపోతాడట.

అరవైల చివర్లో సంగతి ఇది. నేనప్పటికి యస్సెల్సీ ప్యాసై ఇంట్లో ఉన్నాను. మా ఊరు ఆమదాలవలసకి ఎడ్లబండి మీద వెళ్ళొచ్చేంత దూరం. మా అయ్య పల్లంలో వరి, మెట్టన గోగు వేసేవాడు. అమ్మ తమ్ముడు, అంటే మా మావ, విజయనగరంలో ఒక హైస్కూల్లో ఇంగ్లీషు మేష్టారు. ఈ సంబంధం తెచ్చింది ఆయనే. పెళ్ళికొడుకు విశాఖపట్నం రేవులో గుమాస్తా. అతని తండ్రి అక్కడే ఒక ఓడల కంపెనీలో దొరల దగ్గర హెడ్ క్లార్కుగా చేసి రిటైరయ్యాడు. దొరలు ఓడెక్కి వెళ్ళిపోయి చాలా ఏళ్ళయినా, ఆయన ఇంకా వాళ్ళ బల్ల ముందే చేతులు కట్టుకుని నిలబడ్డ మనిషి.

మావ ఒక ఆదివారం గ్రామరు పుస్తకం చంకన పెట్టుకుని మా ఇంటికొచ్చాడు.

"ఒసే, ఈ రెండు పేజీలూ నీకు నోటికి రావాల," అన్నాడు.

"ఏటి మావా అది?"

"దేశాలు. ఆ ముసలాయనకి అదో పిచ్చి. రేవులోకొచ్చిన ఓడలన్నీ సూసినాడు కదా, పిల్లల్ని అయ్యే అడుగుతాడు. మునుపు ఇద్దరు గుంటల్ని నోరు తిరగనేదని ఒగ్గేసి పోనాడు."

"వంటొచ్చా అని అడగడేటి?"

"వంట ఎవులికైనా వస్తాది. నువ్వు సదువు."

ఆ పేజీల్లో మూడు వరసలు. మొదటి వరసలో దేశం, రెండో వరసలో మనిషి, మూడో వరసలో భాష. ఫ్రాన్సులో ఉన్నవాడు ఫ్రెంచ్‌మన్, సరే. హాలండ్‌లో ఉన్నవాడు మాత్రం హాలండ్‌మన్ కాడు, డచ్‌మన్. పోలండ్ వాడు పోల్. పోల్ అంటే కర్ర అని బళ్ళో చెప్పారు మాకు. స్పెయిన్ వాడు స్పేనియర్డ్ అయితే జపాన్ వాడు జపానియర్డ్ ఎందుకు కాడో, చైనావాడు ఒక్కడున్నా దేశం దేశమంతా ఉన్నా చైనీసే ఎందుకయ్యాడో అడిగాను.

"ఎందుకంటే ఏటి సెప్తాను? ఆల భాష, ఆల ఇష్టం," అన్నాడు మావ.

వాళ్ళ ఇష్టం వాళ్ళదే. ఆ ఇష్టాన్ని బట్టీ పడితే గానీ మా ఊరి పిల్లకి తెలివి లేనట్టు లెక్క కట్టే హక్కు ఇంకో ఊరివాడికి ఎవరిచ్చారన్నదే నాకు మింగుడు పడలేదు. అయినా చదివాను. అయ్య మొహం చూసి చదివాను. గెడ్డలో నానేసిన గోగు కట్టలు పైకి తీసి, నార ఒలిచే రోజులవి. నెల్లిమర్ల గోనెసంచుల మిల్లుకి పోయే నార అది. ఊరు ఊరంతా ఆ కంపే. ఆ కంపులో మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, నార లాగుతూ "డెన్మార్క్, డేన్, డేనిష్" అని గొణుక్కునేదాన్ని. పక్కన నార ఒలిచే ఆడవాళ్ళు నాకేదో గాలి సోకిందనుకున్నారు.

ఒకరోజు బర్మా దగ్గరికొచ్చి ఆగాను. మా పెదనాన్న వయసులో ఉండగా రంగం వెళ్ళాడు. రంగూన్‌ని మావాళ్ళు రంగం అనేవారు. అక్కడ రేవులో బస్తాలు మోసి, యుద్ధంలో బాంబులు పడ్డప్పుడు అడవులకడ్డంపడి నడిచొచ్చిన మనిషి.

"పెదనాయినా, బర్మా వోల్ని బర్మీస్ అంటారట. మరి అక్కడ మనల్నేటనీవోరు?" అని అడిగాను.

"కొరంగీలనీవోరు," అన్నాడు గోగు కట్ట మీదనుంచి తలెత్తకుండానే. "అలగని పిలిస్తే తిట్టినట్టే. మన ఊరేదో, మన పేరేదో ఆలకెందుకు?"

ఆ మాట పుస్తకంలో వెతికాను. లేదు. మావనడిగితే అది మాట కాదన్నాడు. మా పెదనాన్న అన్నేళ్ళు పడిన మాట, మాటే కాదట! ఇండియా అన్న చోట కూడా చూశాను. దేశం ఉంది, మనిషి ఉన్నాడు, భాష ఉండాల్సిన చోట మాత్రం చిన్న గీత ఉంది.

పెళ్ళిచూపుల రోజు వాళ్ళు రైలు దిగి, మేము పంపిన బండిలో వచ్చారు. ముసలాయన బండి దిగుతూనే జేబురుమాలు ముక్కుకి పెట్టుకున్నాడు. ఇంట్లో కూర్చున్నాక కూడా తీయలేదు. అమ్మ పెట్టిన పొంగడాలు తినడానికి మాత్రం తీశాడు. అవయ్యాక మళ్ళీ పెట్టుకున్నాడు. కొడుకు ఆయన పక్కన, తన చెప్పులెవరైనా ఎత్తుకుపోతారేమో అన్నట్టు గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నాడు. మావ నా వెనకాల నిలబడ్డాడు. తన విద్యార్థికి పరీక్ష జరుగుతోందని ఆయనకి ఒళ్ళంతా చెమట.

"అమ్మాయ్, ఫ్రాన్స్?" అన్నాడు ముసలాయన, బళ్ళో హాజరు పిలిచినట్టు.

"ఫ్రెంచ్‌మన్. ఫ్రెంచ్."

"హాలండ్?"

"డచ్‌మన్. డచ్."

"టర్కీ? పోలండ్?"

చెప్పాను. "డెన్మార్క్ వాళ్ళనేమంటారు?" అని ముందుకి వంగి అడిగాడు. మునుపటి పిల్లలు అక్కడే పడ్డారు కాబోలు. అదీ చెప్పాను. డెన్మార్కు ఆయన తాత సంపాదించిన మాగాణి అయినట్టు తృప్తిగా వెనక్కి వాలాడు. మావ గట్టిగా ఊపిరి వదలడం వినబడింది.

"ఇండియా?"

"ఇండియన్."

"లాంగ్వేజ్?"

"అక్కడ ఏటీ రాయనేదండి. గీత ఉన్నాది."

ఆ మాటకి ఆయన రుమాలు తీసి మరీ నవ్వాడు. "ఏటీ! రాయనేదు! ఉన్నాది!" అని ఒక్కో మాటా పురుగుని పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో పట్టుకుని చూపించాడు. "డేనిష్ పలికిన నోటితోనే ఇదేమి మాటమ్మా? దీన్ని భాష అంటారా? మా ఆఫీసులో ఇలా మాట్లాడితే బంట్రోతులు కూడా నవ్వేవారు. మా ఇంట అడుగుపెట్టాక ఆ 'ఏటి' వినబడకూడదు."

అయ్య భుజం మీది తువ్వాలు తీసి మోకాళ్ళ మీద పెట్టుకుని, దాని అంచు చూస్తూ ఉండిపోయాడు. అమ్మ తలుపు చాటుకి వెళ్ళిపోయింది. నాకు వాటికంటే గట్టిగా తగిలింది మావ నవ్వు. ముసలాయన నవ్వితే ఆయన కూడా నవ్వాడు. మా అమ్మ చేతి అంబలి తాగి, మా ఇంటి మాటే మాట్లాడి పెరిగిన మనిషి.

ఆ ముసలాయన పుట్టింది నాగావళి అవతల ఒక పల్లెలో అని సంబంధం తెచ్చిననాడే మావ చెప్పాడు. నేను తలెత్తి అడిగాను.

"తమరు పుట్టిన ఊరేటండీ?"

"మాది విశాఖపట్నం."

"అది కాదండి. నాగావళి అవతల మీ ఊరు. అక్కడ పుట్టినోల్ని ఇంగిలీసులో ఏటంటారండీ?"

ఆయన మొహం కందగడ్డలా ఎర్రబడింది. చేతి కర్ర నేలకేసి కొట్టి లేచాడు.

"ఏటే గుంటా! నన్నే అడుగుతన్నావేటి? ఎంత పొగరే నీకు! ఈ మాట సెప్పించుకోడానికేటి నానొచ్చింది?"

అన్నాక గానీ తన నోట్లోంచి ఏం వచ్చిందో ఆయనకే తెలీలేదు. దొరల దగ్గర అన్నేళ్ళు రుద్ది రుద్ది కడుక్కున్నదంతా ఒక్క కోపానికి కారిపోయింది. అయ్య తువ్వాలంచు వదిలేసి ఆయన వైపు చూశాడు. మా పెదనాన్న అరుగు మీదనుంచి గట్టిగా దగ్గాడు. పెళ్ళికొడుకు తల వంచుకున్నాడు గానీ, అతని భుజాలు ఊగుతున్నాయి. నవ్వుతున్నాడు. ఆ వచ్చినవాళ్ళలో నాకు నచ్చింది అదొక్కటే.

వాళ్ళు టీ కూడా తాగకుండా వెళ్ళిపోయారు. అమ్మ ఏడ్చింది. మావ నా మీద విరుచుకుపడ్డాడు.

"అన్నీ సెప్పినావు. ఆఖర్న నోరు మూసుకోడానికేటొచ్చింది?"

"ఆయన మా యింటి మాటకి నవ్వినాడు మావా. నువ్వూ నవ్వినావు."

మావ పుస్తకం చంకన పెట్టుకుని, సాయంత్రం బండికే విజయనగరం వెళ్ళిపోయాడు.

తమాషా ఏమిటంటే, కొన్నాళ్ళకి వాళ్ళ తరఫున ఒక మధ్యవర్తి వచ్చాడు. పిల్ల వాళ్ళకి నచ్చిందట. కొడుకు ఈ పిల్లే కావాలని పట్టుబట్టాడట. కాకపోతే పిల్ల వెళ్ళి ముసలాయన కాళ్ళకి దండం పెట్టి తప్పయిందనాలి. తర్వాత ఒక మేష్టారిని పెట్టి మాట బాగుచేయిస్తారట. అటక మీద పడున్న కంచు చెంబుకి చింతపండు పెట్టి తోమిస్తామన్నట్టు చెప్పాడు మధ్యవర్తి, అదేదో మాకు వరమైనట్టు.

అయ్య నన్ను పెరట్లోకి పిలిచాడు.

"ఏటంటావు?"

"నాకు ఒద్దయ్యా."

"కుర్రోడు మంచోడులాగున్నాడు."

"మంచోడే. ఆల అయ్య మాటకి ఎదురాడలేక కడుపులో నవ్వుకున్నాడు. నానెన్నాళ్ళు కడుపులో నవ్వుకోను?"

అయ్య గోగు కట్టెల మోపు సర్ది గోడకి చేరేశాడు. "నువ్వు ఒప్పుకున్నా నాను ఒప్పుకోనే. నా యింట కూకొని నా మాటకి నవ్వినాడు. ఆడికి పిల్లనెలగిస్తాను?" అన్నాడు. బయటికి వెళ్ళి మధ్యవర్తికి ఒక్క ముక్కలో చెప్పేశాడు.

ఊళ్ళో నాకు పొగరుబోతని పేరొచ్చింది. మావ ఆ ఏడాదంతా మా గడప తొక్కలేదు. ఆ తర్వాత ఆయనే వచ్చి, నన్ను టీచరు ట్రైనింగులో చేర్పించమని అయ్యతో చెప్పాడు. నవ్విన సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. ఫారం మాత్రం తనే నింపాడు, రైలుకి తనే తీసుకెళ్ళాడు. అదే ఆయన క్షమాపణ అనుకుని సరిపెట్టుకున్నాను.

ముసలాయన సంగతి కూడా మావే చెప్పాడు. ఆ కుర్రాడికి కాకినాడ వైపు బియ్యే చదివిన పిల్లతో పెళ్ళయింది. దేశాలన్నీ గడగడా అప్పజెప్పిందట. కాపరానికొచ్చాక మాత్రం మావగారితో ఏ భాషలోనూ మాట్లాడలేదట. కంచం ముందు పెట్టి వెళ్ళిపోయేదట. పాపం, ముసలాయన వీధి గుమ్మంలో కుర్చీ వేసుకుని, కనబడిన బడిపిల్లనల్లా ఆపి డెన్మార్కు అడిగేవాడని మావ జాలిపడ్డాడు. నాకు జాలి కలగలేదు.