పసుపు తీగ వణికిన రాత్రి

దేవుడి మీద ఒట్టు వేయను. ఆయన్ని ఇలాంటి వాటిలోకి లాగడం నాకిష్టం లేదు. నా చేతుల మీద ఒట్టు... నర్సుకి అంతకంటే ఏముంది? ఈ చేతులతోనే తీగలు పెట్టాను. ఈ కళ్ళతోనే చూశాను. నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి. మధ్యలో నవ్వితే నాకు ఒళ్ళు మండుతుంది.

దెయ్యాలూ గియ్యాలూ నమ్మే మనిషిని కాను నేను. శవాల గది పక్కన కూర్చుని పెరుగన్నం తిన్నదాన్ని.

అప్పటికి తిరుపతిలో ఈసీజీ శిక్షణ ముగించుకుని వచ్చి ఎన్నో రోజులు కాలేదు. ఒకరి మీద ఒకరం తీగలు పెట్టుకుని నేర్చుకున్నాం. రంగులు గుర్తుండటానికి డాక్టరుగారు ఒక మాట చెప్పారు. కుడి చేతికి కుంకుమ, ఎడమ చేతికి పసుపు, ఎడమ కాలికి ఆకు, కుడి కాలికి కాటుక. ఇంకో సంగతి కూడా నొక్కి చెప్పారు. "కాగితం మీద గీత వణికితే గుండెను అనుమానించొద్దు. ముందు తప్పెక్కడుందో వెతకండి. రెండో గీత బాగుండి, ఒకటీ మూడూ వణికాయంటే తప్పు ఎడమ చేతిది." చేతి వణుకు జబ్బున్న ఒకాయన ఈసీజీ కూడా చూపించారు. రంపం పళ్ళలా, వరసగా, ఒకే తాళంలో... ఆ గీత నా కళ్ళలో ఉండిపోయింది.

వడమాలపేట దాటాక రోడ్డు పక్కన ఒక చిన్న ఆసుపత్రి. అంతకంటే చెప్పను. ఆ రాత్రి డ్యూటీ డాక్టరు కాన్పు గదిలో ఇరుక్కుపోయారు. ఉన్న ఒక్క అంబులెన్సు తిరుపతికి వెళ్ళింది. అప్పుడు ఒకతను తల్లిని ఆటోలో తెచ్చాడు. మరమగ్గాల మీద నేసుకునేవాళ్ళు.

"మేడం, మాయమ్మకు రొమ్ములో నొప్పంట. సెమటలు కారిపోతా ఉండాది. రవంత బిరీన సూడండి" అన్నాడు.

అవ్వ ముఖం పాలిపోయి ఉంది. మంచం మీద పడుకోబెట్టి తీగలు పెట్టాను. కుంకుమ, పసుపు, ఆకు, కాటుక. రొమ్ము మీద మిగతావి. మీట నొక్కాను. కిర్... ర్... ర్... కాగితం వచ్చింది.

రెండో గీత శుభ్రంగా ఉంది. గుండెపోటులో లేచినట్టు కొంచెం పైకి లేచి కూడా ఉంది. ఒకటీ, మూడూ మాత్రం వణుకుతున్నాయి.

ఫొటో తీసి తిరుపతిలో గుండె డాక్టరుకి పంపాను. వెంటనే ఫోన్ వచ్చింది. "గుండెపోటు లాగే ఉందమ్మా. కానీ మూడో గీత కూడా లేచిందో లేదో చూడకుండా నెత్తురు గడ్డ కరిగించే మందు ఇమ్మని ఎట్లా చెప్పేది? అది గుండెపోటు కాకపోతే, ఆ మందుకు మెదడులో రక్తం కారిందంటే మనమే చంపినట్టు. శుభ్రంగా ఇంకోటి తియ్యి. ఆలస్యమైతే మనిషి దక్కదు."

"మంచం పట్టుకోవద్దు నాయనా!" అని కొడుకు మీద అరిచాను.

"నేను యాడ పట్టుకున్నా మేడం? ఈడుండా."

నిజమే. తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

ఫ్యాను ఆపాను. ఫోను అవతల పెట్టాను. చలి వణుకేమోనని దుప్పటి కప్పాను. జెల్లీ తుడిచి మళ్ళీ రాశాను. తీగ చెడిందేమోనని ఎడమ చేతికి వేరే తీగ తగిలించి చూశాను. కిర్... ర్... ర్... అదే వణుకు. అంటే తీగ కాదు. చెయ్యే.

ఫ్యాను ఆగింది కదా... గదిలో చప్పుడే లేదు. వంగి అవ్వ ఎడమ చెయ్యి చూశాను.

కదలడం లేదు.

చర్మం మీద వేలు ఆనించాను. చల్లగా ఉంది... కదలిక లేదు. కాగితం మీదేమో రంపం పళ్ళు. ఒకే తాళం. శిక్షణలో చూపించిన అదే గీత. అప్పుడు గమనించాను. అవ్వ వేళ్ళు ముడుచుకుని ఉన్నాయి. పిడికిలి కాదు. లోపల ఖాళీ ఉంది... ఇంకో చెయ్యి పట్టేంత ఖాళీ.

"అవ్వా, సెయ్యి వదులుగా పెట్టు" అన్నాను.

కళ్ళు తెరవకుండానే అంది. "నేను పట్టుకోలేదు పాపా. ఆయన పట్టుకోనుండాడు."

"ఎవురు?"

"మా ఇంటాయన. ఆయనకు సేతి వణుకు గదా. తెలవడంల్యా నీకు?"

కొడుకు వైపు చూశాను. "మా నాయన పోయి రెండేండ్లయింది మేడం" అన్నాడు. "కడాకు సేతులు వణికి సెంబు గూడా పట్టుకోలేకపోయినాడు."

భయం... నిజంగా భయం. పారిపోదామనిపించింది. కానీ ఫోను మళ్ళీ మోగుతోంది. అవ్వ పెదాలు నీలం తిరుగుతున్నాయి. మీరైతే ఏం చేస్తారు? నేను సిగ్గు విడిచి, మంచం ఎడమ పక్కకు తిరిగి, ఆ ఖాళీ చోటుతో మాట్లాడాను.

"పెద్దాయనా... సెయ్యి వదులు. నువ్వు పట్టుకోనుంటే నీ పెండ్లాం దక్కదు. వదిలేసి పో."

తలుపు కొట్టుకోలేదు. లైటు ఆరలేదు. అవ్వ వేళ్ళు మాత్రం... ఒక్కొక్కటే... తెరుచుకున్నాయి. చిటికెన వేలు అన్నిటికంటే చివర.

మీట నొక్కాను. కిర్... ర్... ర్... మూడో గీత శుభ్రంగా వచ్చింది. గుండెపోటే. "ఇచ్చెయ్యండి" అన్నారు తిరుపతి డాక్టరు. మా డాక్టరు కాన్పు గదిలోంచి పరుగెత్తుకొచ్చారు. మందు ఎక్కించాం. తెల్లవారేసరికి అవ్వ నీళ్ళడిగింది.

ఆ కాగితాలు మాకు నేర్పిన డాక్టరుగారికి చూపించాను. "చేతి వణుకు. ఇందులో వింతేముంది?" అన్నారు. ఆమెకు ఆ జబ్బు లేదు సార్ అన్నాను. "నువ్వు సరిగా చూసి ఉండవు" అన్నారు. కావచ్చు. అనుమానం పెనుభూతం అంటారు కదా. కంటికి ఆనని సన్న వణుకు ఉండి, నా మాట విని అవ్వ చెయ్యి వదులు చేసి ఉండొచ్చు. పగటి పూట నేనూ అలాగే అనుకుంటాను.

కానీ కోలుకున్నాక అవ్వ మాత్రల కోసం వచ్చింది. "సల్లగుండు పాపా, బతికించినావు" అంది. అని వెళ్ళలేదు. అక్కడే నిలబడింది.

"ఒక మాట. ఆయన పోయినంక గూడా దినామూ రేత్రి పక్కన కూసోని సెయ్యి పట్టుకునేటోడు. ఆ పొద్దు నుంచి రాల్యా. నువ్వే గదా పొమ్మన్నావు."

నేను మాత్రలు మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాను.

"నువ్వు పొమ్మంటే ఇన్నాడు. నువ్వు పిలిస్తే వస్తాడు. ఒక్క తూరి పిలువు పాపా."

ఏదో ఒకటి అనాలి కదా. "పేరేందవ్వా?" అన్నాను.

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "అయ్యో! మొగుని పేరు నోటితో సెప్తారా యాడన్నా!"

కొడుకు గేటు దగ్గరే ఉన్నాడు. అడిగితే చెప్పేవాడు. అడగలేదు... ఇప్పటికీ అడగలేదు. పేరు తెలిస్తే పిలుస్తానేమోనని నాకు భయం. పిలిస్తే వస్తాడో రాడో, ఆ రెంటిలో ఏది ఎక్కువ భయమో కూడా తెలియదు. అవ్వ మాత్రం మాత్రలకు వచ్చినప్పుడల్లా ఎడమ చెయ్యి బల్ల మీద పెట్టి, వేళ్ళు కాస్త ముడిచి, నా ముఖం వైపు చూస్తూ కూర్చుంటుంది.